నాయన చెప్పి రాయించిన చావు కార్డు

మా నాయన చనిపోయాడని మా మేనత్తకు తెలియజేస్తూ నా చేతిరాతతో రాసిన పోస్టుకార్డు ఒకటి నా దగ్గర ఉంది. ఆ కార్డు రాసేటప్పుడు నాయన నా పక్కనే, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏం రాయాలో ఒక్కొక్క మాటా చెప్పి రాయించింది ఆయనే. ఆ తర్వాత ఇంకో ఏడేళ్ళు బతికాడు. ఇన్నేళ్ళు గడిచిపోయినా ఆ కార్డు చేతిలోకి తీసుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నా చెయ్యి ఎట్లా ఆడిందా అని.

మా ఊరు నెల్లూరికి తూర్పున, ఇందుకూరుపేట మీదుగా సముద్రానికి పోయే దారిలో ఉండేది. పల్లెటూరంటే ఊరివాళ్ళకి కోపం, టౌనంటే బయటివాళ్ళకి నవ్వు. రెండు రైసు మిల్లులు, ఒక హైస్కూలు, ఎండాకాలం వచ్చి వానాకాలం ముందు డేరా ఎత్తేసే సినిమా, అంతే. ఇప్పుడు వెళ్తే దారి పొడుగునా రొయ్యల గుంటలే. మా వీధి ఎక్కడ మొదలయ్యేదో నాకే ఆనవాలు దొరకలేదు. ఆ రోజుల్లో మా ఊరిని ఫోటో తీసినవాడు ఎవడూ లేడు. ఆ ఊరిని మళ్ళీ చూడాలంటే నాకు మిగిలింది మా ఇంటి కార్డుల తీగ ఒక్కటే.

ఇంటింటికీ ఒక తీగ ఉండేది. దూలానికి వేలాడేసిన ఇనప తీగ, పైన కొక్కెం, కింద చెక్కబిళ్ళ. వచ్చిన కార్డు చదివి, నడిమికి గుచ్చి కిందికి తోసేవాళ్ళు. అడుగున రాజు తల ఉన్న కార్డులు, వాటి మీద మూడు సింహాల కార్డులు. కోవూరు నుంచి మా మేనమామ, ఈ ఏడు మొలగొలుకు వడ్లు బ్రహ్మాండంగా పండాయని రాస్తాడు. ఎవరో బంధువు, మీ ఊరికి కరెంటొచ్చిందట కదా, రాత్రిళ్ళు నిద్ర ఎట్లా పడుతోంది అని అడుగుతాడు. ఇంకొకాయన తన పెద్దెద్దు కాలు బెణికిందని నాలుగు వాక్యాలు రాసి, భార్యకు బిడ్డ పుట్టిందని చివర ఇరికించి రాస్తాడు. నాలుగు మూలలా పసుపు పూసిన కార్డులైతే లెక్కలేదు.

ఈమధ్య పాత కార్డులు పోగుచేసే వాళ్ళెవరో వచ్చి ఆ తీగంతా చదివి, మీ ఊరు ఎంత సంతోషంగా ఉండేదండీ అన్నారు. నాకు నవ్వూ వచ్చింది, మంటా పుట్టింది. సంతోషం కాక ఏముంటుంది, చావు కార్డులన్నీ చింపేస్తిమి కదా. చావు కార్డుకి పైన శ్రీ ఉండదు. దాన్ని గడప లోపలికి తీసుకురాకూడదు. బయటే చదివి, అక్కడే ముక్కలు చేసి, తలకు పోసుకున్నాకే లోపలికి రావాలి. మా ఊళ్ళో మనుషులు పుట్టారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, వడ్లు పండించారు. తీగను నమ్మితే ఒక్కరూ చావలేదు.

అరవై ఒకటో, అరవై రెండో. నేను ఎస్సెల్సీ ప్యాసై, టీచరు ట్రైనింగు సీటు కోసం ఇంట్లో కూర్చున్న ఏడు. వీధి వీధంతా నాచేత కార్డులు రాయించుకునేది. ఒకరోజు పొద్దున నాయన దొడ్లో నోట్లో వేపపుల్ల పెట్టుకుని నిలబడి ఉంటే కాకి వచ్చి నెత్తిన తన్ని పోయింది. నాయన నవ్వి, నా బట్టతల దానికి బండలాగా కనపడినట్టుంది అన్నాడు. పశువుల కొట్టం దగ్గరున్న మా అవ్వ, అంటే నాయన తల్లి, నవ్వలేదు. నీళ్ళ చెంబు కింద పెట్టి మట్టిలో చతికిలబడింది. కాకి తన్నితే చావు వెతుక్కుంటూ వస్తోందని అర్థం. మా తాతను కూడా అట్లాగే తన్నిందట. నెల తిరక్కముందే పోయాడట. ఈ సంగతి అవ్వ గుర్తు చేశాక నాయన నవ్వు ఎటో పోయింది. ఆ రోజు పొలానికి పోలేదు, మర్నాడూ పోలేదు.

దానికి విరుగుడు మా వైపు అందరికీ తెలిసిందే. మనిషి చచ్చిపోయాడని దూరపు ఊళ్ళో ఉన్న దగ్గరి మనిషికి కార్డు రాయాలి. ఆ మనిషి నిజమని నమ్మి గుండె పగిలేలా ఏడవాలి. ఆ ఏడుపుతో వచ్చే చావు తీరిపోతుంది. మూడు రోజులాగి, కాకి తన్నింది, అందుకే రాశాం, బతికే ఉన్నాడు అని పసుపు పెట్టి రెండో కార్డు వెయ్యాలి. అవతలివాళ్ళు నానా తిట్లూ తిడుతూ జవాబు రాస్తారు. ఆ తిట్లు వస్తే ఇంట్లో అందరికీ పండగే. ఏడ్చారన్నమాట.

మరి ఎవరికి రాయాలి. అమ్మ కోవూరులో ఉన్న తన తమ్ముడి పేరెత్తింది. అవ్వ ఒప్పుకోలేదు. పెన్న దాటితే నెల్లూరు, వాడు సాయంత్రానికల్లా బలగంతో దిగుతాడు, అయినా బావమరిది ఏడుపు కూడా ఒక ఏడుపేనా అంది. తోడబుట్టింది ఏడిస్తేనే పని జరుగుతుందని తేల్చేసింది. నాయనకు ఉన్నది ఒక్క అక్క. నాయుడుపేట అవతల చిన్న పల్లెలో, మొగుడు పోయాక రెండెకరాలు చూసుకుంటూ ఒక్కతే ఉండేది. నాకు ఊహ తెలిశాక మా ఇంటికి వచ్చింది రెండుసార్లే. దూరం కదా అనుకునేదాన్ని. అక్క పేరు చెప్పగానే నాయన కాసేపు నేల చూశాడు. తర్వాత సరేనన్నాడు. ఆ కార్డు చదివి ఆమె ఏమైపోతుందో అని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

అరుగు మీద నేను పలక ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కార్డు పెట్టుకుని కూర్చున్నాను. నాయన చెప్పాడు, నేను రాశాను. నిన్న పొద్దున ఉన్నట్టుండి గుండెలో నొప్పి అని పడిపోయి... అక్కడ నేను, చనిపోయాడు అని రాయబోతే నాయన ఆపాడు.

"కాలం చేశారు అని రాయి. మర్యాదగా ఉంటది" అన్నాడు.

ఆయన ముఖంలోకి చూశాను. వేళాకోళం లేదు. అట్లాగే రాశాను. ఈ కార్డు అందేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి, వాన రోజులు, పడుతూ లేస్తూ రావద్దు, దినాలకు కబురు చేస్తాము. అంత బాగా ఆలోచించి చెప్పాడు. చివర నా సంతకం.

పోస్టు డబ్బా మా వీధి చివర, దర్జీ పని చేసే సాయిబు గారి కొట్టు స్తంభానికి ఉండేది. కార్డంటే దాపరికం లేని వస్తువు. ఆయన మిషను ఆపి, నా చేతిలో కార్డు మీద చూపు పడగానే లేచి నిలబడ్డాడు. పొద్దున్నే కదా మీ నాయన ఇటుగా పోయినాడు అన్నాడు. కాకి సంగతి చెప్పాను. మా ఆచారం భాయ్ అన్నాను, కొంచెం పొగరుగానే. ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా, నాయన బతికుండంగా ఇట్ట రాసేదానికి నీకు చెయ్యెట్ట వచ్చిందమ్మా అన్నాడు. నేను వినిపించుకోనట్టు కార్డు డబ్బాలో వేసి వచ్చేశాను. మూడో రోజు పసుపు కార్డు వెయ్యడానికి పోయినప్పుడు ఆయన తలెత్తలేదు.

ఇక తిట్ల కోసం ఎదురుచూపు. నాలుగో రోజు రాలేదు, ఐదో రోజు రాలేదు. అవ్వ నన్ను పదే పదే అడిగేది, అత్త ఊరి పేరు సరిగ్గా రాశావా అని. నాయన పోస్టుమాను వచ్చే వేళకు ముందే వీధి చివరికి పోయి నిలబడేవాడు. అన్నం కెలికి లేచిపోయేవాడు. ఆమె ఏడ్చిందో లేదో తెలియకుండా ఆ చావు తీరిందో లేదో ఎట్లా తెలుస్తుంది. నాయన నిజంగా తగ్గిపోయాడు. ఏడో రోజుకి చొక్కా వదులైంది. కాకి చంపకపోయినా ఈ భయం చంపేట్టుందని అమ్మ ఏడ్చింది. ఆ ఏడుపు పనికిరాదని అవ్వ కసిరింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బస్సులో అత్తే దిగింది. పొడుగాటి మనిషి, ఎండకి మాడిన ముఖం, చేతిలో సంచి కూడా లేదు. నాయన అరుగు మీద నుంచి దిగ్గున లేచాడు. ఆమె తమ్ముణ్ణి తల నుంచి పాదాల దాకా చూసింది, కాళ్ళు కడుక్కుంది, లోపలికి రాకుండా అరుగు చివర కూర్చుంది. అవ్వ ఆమె చేతులు పట్టుకుని, ఎంత ఏడ్చినావో నా తల్లి, వాడికోసమే లేమ్మా అంటూ తనే మొదలుపెట్టింది. అత్త చేతులు విడిపించుకుని, నడుము దగ్గర చీరలో దోపుకున్న కార్డు తీసి అరుగు మీద పెట్టింది. నేను రాసిన మొదటి కార్డు. ఎక్కడా చిరుగు లేదు.

అవ్వ దడుచుకుని వెనక్కి జరిగింది. చావు కార్డు అది, ఇన్ని రోజులు ఇంట్లో పెట్టుకున్నావా, చింపు అంది. అత్త ఆమె వైపు చూడలేదు.

"నాకు ఏడుపు రాలేదురా అబ్బయ్యా" అంది.

ఆమె కోపంగా చెప్పలేదు. తన ఒంట్లో ఏదో రోగం బయటపడితే చెప్పినట్టు చెప్పింది. కార్డు గడపలో నిలబడి చదివిందట. ఏడుపు వస్తుందని ఆగిందట. నీడ ఇవతలి నుంచి అవతలికి పోయిందట, రాలేదట. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి ఈమె మీద పడి ఏడ్చారట. కళ్ళు తుడుచుకోబోతే తడి లేదట. ఏడవకుండా ఎట్లా చింపేదని దాచిందట. మూడో రోజు పసుపు కార్డు వస్తే దానికీ ఏమీ అనిపించలేదట.

"ఒక్క తమ్ముడు చచ్చినాడంటే కంట నీళ్ళు రాలా. నన్ను చూసి నాకే భయమేసింది. నిన్ను చూస్తే ఏమన్నా వస్తాయేమోనని వచ్చినా" అంది.

అవ్వ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. తల్లి కూతురి కాళ్ళు పట్టుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఇప్పుడన్నా ఒక్క చుక్క రాల్చమని, వాడి ప్రాణం నీ కళ్ళలో ఉందని బతిమాలింది. అత్త చాలాసేపు నాయన ముఖమే చూసింది. ఆ పసిదాని కోసం ఏడ్చినప్పుడే నావన్నీ అయిపోయినట్టుండాయి అంది. మూడు కార్డులు రాస్తిని గదా, నాట్లు ముగియంగానే వస్తానంటివి, అంది.

ఏ కార్డులు అంది అవ్వ.

అత్తకు బిడ్డ పుట్టిందనీ పురిట్లోనే పోయిందనీ పిల్లలమైన మాకు చెప్పారు. అప్పటికి నాకు నాలుగైదేళ్ళు. అవ్వకు బిడ్డ సంగతి తెలుసు, ఉన్నట్టుండి జ్వరంతో పోయిందని తెలుసు. కార్డుల సంగతి తెలియదు. నాయన తల తిప్పి లోపల వేలాడే తీగ వైపు చూశాడు. నేను లోపలికి పోయి తీగ దించాను. పై కార్డులన్నీ ఊడదీసి నేల మీద పోసుకుంటూ అడుగుకి పోయాను. రాజు తల ఉన్న కార్డుల్లో మూడు అత్తవి. నాయనే గుచ్చిపెట్టాడు. అవ్వకు చదువు రాదు. ఆ కార్డులు వచ్చినప్పుడల్లా, అక్క దగ్గర్నుంచి, అంతా క్షేమమే అని చెప్పి గుచ్చేవాడని అవ్వే తర్వాత చెప్పింది.

అరుగు మీదికి తెచ్చి చదివాను. చదవొద్దని ఎవరూ అనలేదు. బిడ్డకు వారం నుంచి జ్వరమనీ, అత్తింటివాళ్ళు తనను ఒంటరిగా కదలనివ్వడం లేదనీ, నువ్వొస్తే రైలెక్కి నెల్లూరు ఆసుపత్రికి పోదామనీ మొదటిది. పరుగులు తీసే బిడ్డ లేచి కూర్చోలేకపోతోందని రెండోది. పరుగులు తీసే బిడ్డ అట. పురిట్లో పోయిన బిడ్డ. మూడో కార్డు మీద, ఎప్పుడొస్తావు అబ్బయ్యా అని తప్ప ఇంకేమీ లేదు. నాలుగోది రావడం వచ్చే ఉంటుంది. దాన్ని ఆచారం ప్రకారం గడప బయట చింపేసి, తలకు పోసుకుని లోపలికి వచ్చి ఉంటారు.

అవ్వ పైట నోట్లో కుక్కుకుంది. ఇక కూతుర్ని ఏడవమని అడగలేదు. నాయన స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఈ మాట ఎవరి ముందైనా అంటాను. మాకు ఒంట్లో బాగాలేకపోతే భుజాన వేసుకుని మైళ్ళు నడిచినవాడు. ఆ ఏడు నీళ్ళు ఆలస్యంగా వదిలారు, నారు ముదిరిపోతోంది, జ్వరం కదా తగ్గుతుందిలే అనుకున్నాడు, అంతే. అంతేనా అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. ఒక మనిషిని అంత ప్రేమిస్తూ, అదే సమయంలో అంత భయంగా చూడటం నాకు ఆ రోజే మొదలు.

అమ్మ అన్నం పెడితే అత్త మారు మాట్లాడకుండా తింది. సాయంత్రం బస్సుకి పోయింది. నేను రాసిన కార్డు అరుగు మీదే వదిలేసింది. చింపడానికి ఎవరికీ చేతులు రాలేదు, లోపలికి తేవడానికీ రాలేదు. చివరికి నేనే తీసి నా పుస్తకాల్లో పెట్టుకున్నాను.

నాయన చావలేదు. ఎవరి ఏడుపూ లేకుండానే బతికాడు. మరుసటేడు నాట్లు మొదలయ్యే రోజున మనుషుల్ని పొలంలో వదిలేసి నాయుడుపేట బస్సెక్కాడు. ఊరంతా నోరు వెళ్ళబెట్టింది. ఆ తర్వాత ఏటా అంతే, సరిగ్గా నాట్లప్పుడే. ట్రైనింగు ముగిసి నాకు కోవూరులో టీచరు ఉద్యోగం వచ్చింది, నా గదిలో నాకూ ఒక తీగ ఉండేది. నాయన ఊరికి తిరిగి రాగానే నాకు కార్డు రాసేవాడు, అదీ ఒకటే ముక్క. అక్క మంచినీళ్ళు ఇచ్చింది. మరో ఏడు, అక్క అన్నం పెట్టింది. ఇంకో ఏడు, అక్క బిడ్డ సంగతి చెప్పింది, దానికి బెల్లం ఇష్టమట. ఆ కార్డు పట్టుకుని నేను బడికి పోకుండా కూర్చున్నాను.

ఏడో ఏడు, అరవై ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో, వానాకాలంలో నాయన నిజంగానే గుండె పట్టుకుని పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. నేను సెలవుకి వచ్చి ఇంట్లోనే ఉన్నాను. అత్తకు చెప్పమని మనిషిని పంపితే, నాయుడుపేట దాటాక వాగు పొంగి అతను వెనక్కి వచ్చేశాడు. నేను కార్డు రాశాను. డబ్బాలో పడేశాక తెలిసింది ఏం రాశానో. నిన్న పొద్దున ఉన్నట్టుండి గుండెలో నొప్పి అని పడిపోయి కాలం చేశారు. ఈ కార్డు అందేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి. ఏడేళ్ళ కింద నాయన చెప్పిన మాటలే, ఒక్కటి కూడా మారలేదు. సాయిబు గారి కొట్టు స్తంభానికే ఆనుకుని నిలబడ్డాను.

ఆరో రోజుకీ అత్త రాలేదు. వాగు తగ్గిందని తెలిసి నేనే బయలుదేరాను. నాయుడుపేటలో బస్సు దిగి, బురదలో నడిచి ఆ పల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. అత్త గడపలో కూర్చుని దారి చూస్తోంది. కళ్ళు వాచిపోయి, రెప్పలు సగమే తెరుచుకుంటున్నాయి. నన్ను చూసి లేచి గబగబా ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ళు విప్పి చూసింది.

"మూడు రోజుల్నుంచి ఏడుస్తానే ఉండానమ్మే. ఈసారి నేను బాగా ఏడ్చినా. ఏదీ, రెండో కార్డు తెచ్చినావా?"